నీలిగీత వెంట

తడి కాగితం వాసన. మైదా జిగురు వాసన.

బల్ల మీద తడిపి పరిచిన పాత పటం...

గ్రంథాలయంలో ఆమె పని అదే. చిరిగిన పటాల వెనక గుడ్డ అంటించడం. గోధుమరంగు గీతలు ఎత్తుపల్లాలు. ఒత్తుగా ఉంటే నిటారు గట్టు, ఎడంగా ఉంటే చదును నేల. నీలిగీత అంటే నీళ్లు.

ఆ రోజు ఒక నీలిగీత – గుట్ట చుట్టూ తిరిగి, వంతెన కింద దూరి, తిన్నగా ఆమె వాళ్లుండే వీధిలోకి వచ్చింది.

వాళ్ల వీధిలో ఏరు!

కుంచె ఆగిపోయింది. నానమ్మ మీద ప్రేమ ముంచుకొచ్చింది.

నానమ్మ రోజూ ఏటికి బయలుదేరుతుంది. కాళ్లు కడుక్కొస్తానంటుంది. మొన్న బస్సుకు అడ్డం వెళ్లింది. "అమ్మకు మతి తప్పింది" అన్నాడు నాన్న. అని, ఆ పూట అన్నం ముట్టలేదు. నిన్న నానమ్మ గదికి బయటి గడియ కొనుక్కొచ్చాడు. ఇంకా బిగించలేదు. స్క్రూడ్రైవర్ కనబడలేదట. అది ఆయన కుర్చీ కిందే ఉంది.

పిచ్చి నాన్న.

నోటిమాటగా చెబితే వినడు. ఆయన పట్టిన కుందేటికి మూడే కాళ్లు. అందుకే ఆమె పటాన్ని పల్చటి కాగితం మీదికి ఎక్కించి, సాయంత్రం ఆయన ముందు పరిచింది.

"ఇదేంటే?"

"మన వీధి నాన్నా. నువ్వు పుట్టకముందు."

"ఈ నీలం గీత?"

"ఏరు. తర్వాత పూడ్చేశారు."

నాన్న కళ్లజోడు తీశాడు. తుడిచాడు. మళ్లీ పెట్టుకున్నాడు.

"చిన్నప్పుడు నిద్రపుచ్చుతూ చెప్పేది... కథ అనుకున్నా."

తర్వాత లేచి నానమ్మ గది గుమ్మంలో నిలబడ్డాడు.

"అమ్మా... ఏటికి పోదామా?"

ఇన్నాళ్లకు బుద్ధొచ్చిందా అన్నట్టు చూసింది నానమ్మ. కొంగు దోపుకుంది. ముందు తను, వెనక కొడుకు, ఆ వెనక కాగితంతో మనవరాలు.

హారన్లు. దుమ్ము. కూరల బండ్లు.

మందుల షాపు మూల – నీలిగీత వంకర తిరిగే చోట – నానమ్మ కూడా తిరిగింది. కాగితం చూడలేదు. ఎవరినీ అడగలేదు.

నాలుగడుగులు వేసి చటుక్కున ఆగింది.

"చెప్పులు విప్పరా. ఇక్కడ లోతు."

నాన్న వీధిని ఒకసారి అటూ ఇటూ చూశాడు. తెలిసినవాళ్లు చాలామందే ఉన్నారు.

వంగి చెప్పులు విప్పాడు. పంట్లాం మోకాళ్లదాకా మడిచాడు.

చెయ్యి అమ్మకిచ్చాడు.