ఎరువు తెచ్చిన జాడీ

నేను ఒక జాడీని. పై సగం బెల్లం రంగు, కింది సగం మజ్జిగ రంగు. యాభై కాయల ఆవకాయ నాలో సులువుగా పడుతుంది. గూడూరు దగ్గర ఒక బట్టీలో కాలి, ఎండుగడ్డిలో చుట్టుకుని, లారీ ఎక్కి మండపేట చేరాను. అమ్మేవాడు నా మెడ మీద వేలితో కొట్టి, "ఖంగుమంటంది చూడండమ్మా" అన్నాడు. అడుగున మాత్రం కొట్టలేదు. ఎందుకు కొట్టలేదో చివర్లో చెబుతాను. ఇప్పుడే చెబితే మీరు సగంలో లేచిపోతారు.

నన్ను కొన్నది వీరరాఘవమ్మగారు. ఆవిడ ఇంట్లో నాకు జరిగిన మర్యాద కొత్తల్లుడికి కూడా జరగదు. సామాన్ల గదిలో పీట మీద కూర్చోబెట్టి, మూతికి వాసెన గుడ్డ కట్టేవారు. తడి చెయ్యి నా దరిదాపుల్లోకి వచ్చిందంటే ఇల్లు ఎగిరిపోయేది. అలా పద్దెనిమిది ఆవకాయలు నాలో ఊరాయి. పద్దెనిమిదో ఏడు పీట మీద గుండ్రంగా నూనె మరక పడింది. ఆవిడ అటూ ఇటూ చూసి, మరక తుడిచేసి, ఎవరితోనూ అనలేదు.

ఆ మరుసటి వేసవిలో పక్కింటి కస్తూరి వచ్చింది. రెండిళ్ల మధ్య గోడకి చిన్న తలుపు ఉండేది. రోజూ సాయంత్రం ఆ తలుపు తీసుకుని వచ్చి, వీరరాఘవమ్మగారి అరుగు మీద కూర్చుని, వీధిలో వాళ్లందరి కష్టసుఖాలూ తూకం వేసి వెళ్లడం ఆమెకి అలవాటు.

"పిన్నిగారూ, మీ జాడీ ఎరువిత్తారా? మాది చిన్నదైపోయింది."

"తీసుకెళ్లవే, దాందేముంది" అన్నారావిడ. ఎంత త్వరగా అన్నారంటే నాకే అనుమానం వచ్చింది.

ఎరువుల సొమ్ము బరువుల చేటు అని ఊరికే అనలేదు. కస్తూరి మొగుడు దొరబాబు, ఒక్కణ్నే ఎత్తగలనని నన్ను ఎత్తి, గడప మీద దబ్బున దించాడు. రెండు నెలలు తిరక్కుండానే నా కింద నూనె మడుగు కట్టింది. కస్తూరి వంచి చూస్తే అడుగున వేలెడంత పగులు.

"అయ్యబాబోయ్, పిన్నిగారి జాడీ పగలగొట్టేశారండీ! ఇప్పుడావిడికి ఏ మొహం పెట్టుకుని చూపించను?"

"నేను మెల్లిగానే దించానే" అన్నాడు దొరబాబు, తనకే నమ్మకం లేని గొంతుతో.

ఆవకాయ ప్లాస్టిక్ డబ్బాల్లోకి వెళ్లింది. నేను పెరట్లో అరటి పిలకల వెనక దాక్కున్నాను. గోడ తలుపుకి కస్తూరి గడియ పెట్టేసింది. పిన్నిగారు గోడ అవతల దగ్గితే ఈమె ఇవతల వంగి నడిచేది. సాయంత్రాలు ఒక్కతే గుమ్మంలో కూర్చునేది. ఆ కూర్చోవడం చూస్తే నాకు జాలేసేది. పీట పోయిందన్న బాధ కూడా మరిచిపోయేదాన్ని.

ఇక దొరబాబుగారి చెత్త పురాణం. పెరట్లో జామ, మందార, అరటి, కాకర పందిరి ఉన్నాయి. పొద్దున్నే ఊడిస్తే గంపెడు ఆకు. ముందు తగలబెట్టాడు. పొగ వెళ్లి వీరరాఘవమ్మగారి వడియాలకి పట్టింది. తర్వాత కాలువలో పడేశాడు. ఆ కొమ్మలు తూముకి అడ్డం పడి నీళ్లు ఎదురుతన్ని మా వీధిలోకే వచ్చాయి. మునిసిపాలిటీ బండి ఆవిడని బతిమాలితే, "చెత్తయితే అట్టుకెళ్తామండి, తోటంతా అట్టుకెళ్లమండి" అంది. ఆఖరికి ఆకంతా బియ్యం బస్తాలో కుక్కి, ఎవరిదో ఖాళీ స్థలంలో పెట్టి వచ్చాడు. బస్తా మీద రైసుమిల్లు వాళ్లు రాసిన ఆయన పేరు అలాగే ఉంది. సాయంత్రానికి ఎవరో పుణ్యాత్ములు ఇంటికే తెచ్చి అప్పగించారు.

ఆ బస్తా చూసి కస్తూరికి ఒళ్లు మండింది. దాన్ని ఈడ్చుకుంటూ తిన్నగా నా దగ్గరికి వచ్చింది. ఆమెకి బాగా వచ్చిన విద్య ఒక్కటే, ఆవకాయ పెట్టడం. అదే పద్ధతిలో అడుగున కొబ్బరి పీచు వేసి, దాని మీద ఒక వరస ఎండాకు, ఒక వరస కూరగాయ తొక్కలు, గుప్పెడు మట్టి, మళ్లీ ఎండాకు వేసింది. పుల్ల మజ్జిగలో బెల్లం ముక్క కలిపి పైన చిలకరించింది. మూడో రోజు కర్రతో తిరగ కలిపింది.

మొదట సిగ్గుతో చచ్చాను. పద్దెనిమిది ఆవకాయలు మోసిన కడుపులో అరటి తొక్కలా! కానీ ఐదో రోజుకి లోపల వెచ్చబడింది. ఎక్కువైన నీరంతా పగులులోంచి బొట్టు బొట్టుగా జారిపోయేది. అదే లేకపోతే లోపల కుళ్లి వీధంతా ముక్కు మూసుకునేది. మూడు నెలలకి నల్లగా, పొడిపొడిగా, తొలకరి వాన వాసనతో ఎరువు తయారైంది. నాకు గర్వంగానే అనిపించింది. అది తిన్న కాకర తీగ గోడెక్కి అవతలికి దూకి, పిన్నిగారి వైపే కాయలు కాసింది. తీగకి మొహమాటాలు తెలియవు కదా.

మళ్లీ వైశాఖం వచ్చింది. ఒక ఉదయం గోడ తలుపు దబదబ మోగింది. కస్తూరి గడియ తీస్తే ఎదురుగా వీరరాఘవమ్మగారు.

"ఏమే కస్తూరీ, నా ఎరువు మాటేంటే?"

గోడ మీది కాకర తీగనే చూస్తూ అన్నారేమో, కస్తూరి మొహం వెలిగిపోయింది. "అయ్యో, అడగాలా పిన్నిగారూ! పది రోజులాగండి, ఇచ్చేత్తాను. ఇంకా ఊరతా ఉంది."

"ఏడాది నుంచి ఊరడమేంటే?"

"అడుగుది అయిపోయిందండి. పైది మొన్ననే వేశాను. పుల్ల మజ్జిగ పోసి కలిపాను."

"ఆవకాయలో మజ్జిగేంటే, నీ తెలివి తెల్లారినట్టే ఉంది!"

అప్పుడు తెలిసింది కస్తూరికి, ఆవిడ అడిగింది ఏ ఎరువో. నోరు తెరిచేలోగానే పిన్నిగారు అరటి పిలకల వెనక నన్ను చూసేశారు. గబగబా వచ్చి మూత తీశారు. కళ్లకి శుక్లాలు. లోపలున్నదేదో ఆనవాలు పట్టలేదు. ఉప్పు చూడకుండా జాడీ మూత వేసే అలవాటు మాత్రం ఆవిడకి పుట్టాక లేదు.

"పిన్నిగారూ, వద్దండీ!"

అప్పటికే చిటికెడు నాలుక మీదికి వెళ్లిపోయింది. ఆవిడ రెండుసార్లు చప్పరించారు.

"ఉప్పు తక్కువైంది" అన్నారు.

తర్వాత తుపుక్కున ఉమ్మారనుకోండి. కస్తూరి నీళ్ల చెంబు అందిస్తూనే బావురుమంది. "మా ఆయన గడప మీద దించినప్పుడు పగిలిందండి. మీకు చెప్పలేక ఏడాది నుంచి మొహం చాటేశాను."

వీరరాఘవమ్మగారు పుక్కిలించి, మూతి తుడుచుకుని, పక్కనున్న చప్టా మీద కూలబడ్డారు. "ఏడవకే. అది నీ దగ్గరికి రాకముందే పగిలింది. నేనే రోటికి తగిలించాను. పీట మీద మరక చూసి కూడా నీకు అంటగట్టాను. నువ్వు రావడం మానేత్తే, సంగతి తెలిసి కోప్పడ్డావనుకున్నాను. జాడీ పేరు చెప్పి నిన్ను చూసిపోదామని వచ్చానే."

"ఇంతకీ పగలగొట్టింది నేను కాదన్నమాట!" అన్నాడు దొరబాబు వసారాలోంచి. ఆయన్ని ఎవరూ పట్టించుకోలేదు.

ఆ రోజు నుంచి గోడ తలుపుకి గడియ లేదు. అవతలి మామిడాకు కూడా నాలోకే వస్తోంది. ఆకు వేసిన మూడో రోజు పిన్నిగారు తనే వచ్చి కలుపుతారు. పైన నీళ్లు చిలకరిస్తున్న కస్తూరి మీద, "తడి చెయ్యి పెట్టకే!" అని అరుస్తారు. పోయేముందు మూతికి వాసెన గుడ్డ కడతారు.

ఇక మొదట్లో దాచిన మాట. ఆ పగులు బట్టీలోనే నాతోపాటు పుట్టింది. పైన పూత పూసి కప్పేశారు. ఏళ్ల తరబడి ఆ పూత అరిగి, నూనె తన దారి తను చూసుకుంది. అమ్మినవాడి వేలికి ఆ సంగతి తెలుసు. రోలూ గడపా ఏ పాపమూ ఎరగవు.

ఈ మాట వాళ్లకి చెప్పమంటారా? ఇద్దరూ రోజూ సాయంత్రం నా పక్కన చప్టా మీద కూర్చుని, తప్పు నాదంటే నాదని పోట్లాడుకుంటున్నారు. నేను నోరు తెరిస్తే ఆ పోట్లాట కాస్తా ఆగిపోతుంది. అందుకే మూతికి గుడ్డ కట్టించుకుని కూర్చున్నాను.