పెయింటు డబ్బాలో కరివేపాకు మొక్క

ముందుగా క్షమించాలి. నాకు అక్షరాలు వచ్చి నాలుగేళ్లే అయింది. మా ఆయన పోయాక, యాభై ఎనిమిదో ఏట, మనవరాలి పలక మీద దిద్దుకున్నాను. ఒత్తుల దగ్గర ఇంకా తడబడతాను. ఈ నాలుగు కాగితాలకు పదిహేను రోజులు పట్టింది. తప్పులుంటే సర్దుకుని చదవండి. కథ పల్లెలో మా పక్కింటి గున్నమ్మది.

గున్నమ్మకు సముద్రమంటే భయం లేదు. తుఫానంటే భయం లేదు. శ్రీకూర్మం దాటాక ఒడ్డునున్న పల్లె నుంచి ముప్పై ఏళ్లు చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగిన మనిషి. ఆవిడ భయపడేది ఒక్క జలగకే. జలగ అన్న మాట వినబడితే కాళ్లు మంచం మీదికి లాగేసుకుంటుంది. అలాంటి మనిషి ఏరికోరి జలగల మీదే పందెం కాసింది.

కోడలు అనూరాధది నరసన్నపేట దగ్గర వరి పండించే ఇల్లు. అక్కడ, అనూరాధ తల్లి జగ్గమ్మ పెరట్లో, కరివేపాకు చెట్టుంది. ఆకు తుంచితే వీధి చివరి దాకా వాసన. ఒకసారి వాళ్లను చూడడానికి వెళ్లిన గున్నమ్మ దాని మొదట్లో లేచిన పిలక ఒకటి అడిగింది.

"ఇస్తాను గానీ వదినా, అది నీ దగ్గర బతకదు. సేపలు పట్టిన సేతికి మొక్క లొంగదు" అంది జగ్గమ్మ.

"సొరసేపే లొంగింది. పిలకెంత?"

"అయితే పందెం. మా నాట్ల నాటికి అది బతికుంటే నీ బుట్ట నెత్తినెట్టుకుని పేట బజారంతా నాను తిరుగుతాను. సచ్చిపోతే నువ్వు మా మడిలో దిగి ఒక పూట నాట్లెయ్యాల."

"సరే" అనేసింది గున్నమ్మ. బస్సెక్కాక గానీ మడిలో జలగలుంటాయని గుర్తు రాలేదు. సీటులోనే కాళ్లు పైకి లాక్కుంది.

ఖాళీ పెయింటు డబ్బాకు అడుగున కాల్చిన చువ్వతో మూడు కన్నాలు పెట్టి, జగ్గమ్మ ఇచ్చిన ఎర్రమట్టే పోసి పిలక నాటింది. మర్నాటికే తల వాల్చేసింది. ఫోన్ చేస్తే జగ్గమ్మ నవ్వింది. "పీకి నాటిన నారు కూడా మూడు రోజులు అలుగుతాది వదినా. ఊరుకో." నిజమే, నాలుగో రోజుకు తలెత్తింది.

మూడో వారంలో అసలు జబ్బు మొదలైంది. ఆకుల అంచులు కాలిన కాగితంలా మాడుతున్నాయి. చెయ్యి తగిలితే రాలుతున్నాయి. నాట్లు ఇంక పది రోజులే.

గున్నమ్మ మొదట దిష్టి అనుకుంది. మూడు మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేస్తే ఇంటిల్లిపాదీ దగ్గారు గానీ మొక్క దగ్గలేదు. ఎండ ఎక్కువైందని డబ్బాను అరుగు మీదికి లాగింది. చాల్లేదేమోనని మళ్లీ వాకిట్లోకి తోసింది. కన్నాలు పూడాయేమోనని పుల్లతో పొడిచింది. నీళ్లు బాగానే దిగుతున్నాయి. కళ్లజోడు పెట్టుకుని ఆకు ఆకూ తిరగేసింది, పురుగు లేదు.

"అమా, ఆటో తియ్యమంటావా? ఆసుపత్రిలో సేర్పించేద్దాం" అన్నాడు కొడుకు శివాజీ.

"నువ్వు నవ్వరా నవ్వు. జలగ పట్టేది నీ కాలు కాదు కదా."

నాట్లకు ముందురోజు పొద్దున్నే, రాలిన ఆకులు ఏరుతుంటే మట్టి మీద తెల్లటి పొర కనిపించింది. గోటితో గీకి చూసింది. ఏ చేప ఎన్నాళ్లు ఉప్పులో ఊరిందో నాలుక మీద పెట్టి చెప్పే మనిషి. అలవాటుగా చిటికెడు మట్టి నోట్లో వేసుకుంది.

"ఉప్పు" అంది. చప్పరించి, "ఎండుసేప ఉప్పు" అంది. ఇంకోసారి చప్పరించి, "మన ఇంటిదే" అని తేల్చేసింది.

గుమ్మంలో అనూరాధ చేతిలో గిన్నెతో ఆగిపోయింది. "సేపనీళ్లు మొక్కకి బలమని నువ్వే కదా అత్తా సెప్పావు?"

"సెప్పాను. పచ్చిసేప కడిగిన నీళ్లే."

"రెండూ సేపే కదా అనుకున్నాను. ఎండుసేపలు నానబెట్టినప్పుడల్లా ఆ నీళ్లు పారబొయ్యకుండా దీనికే పోస్తన్నాను. మొక్క సచ్చిపోతే నువ్వు జలగల్లో దిగాల కదా, అందుకని."

గున్నమ్మకు తిట్టు నోటిదాకా వచ్చి నవ్వుగా మారిపోయింది. నవ్వు ఆగాక చీర కుచ్చిళ్లు దోపింది. "కుళాయి నీళ్లు పట్టుకురా. ఉప్పెక్కిన మట్టిని కడగాల్సిందే."

డబ్బాను నాలుగు ఇటుకల మీద ఎత్తి పెట్టారు. అనూరాధ పైనుంచి బిందె వంచుతుంటే, గున్నమ్మ కింద దోసిలి పట్టి, కారిన నీళ్లు నాలుకకు తగిలించి చూస్తోంది. "ఉప్పే. ఇంకో బిందె." పదకొండో బిందె దగ్గర శివాజీ ఆటో వచ్చి ఆగింది. తీర్పు చెప్పడానికి వచ్చిన జగ్గమ్మ దిగింది.

"ఏటి వదినా, తీర్థం పుచ్చుకుంటన్నావేటి?"

"నువ్వూ పట్టు దోసిలి. ఇప్పుడే సప్పబడింది."

మొక్కకు ఒక్క ఆకు లేదు. జగ్గమ్మ దాని చుట్టూ తిరిగింది. "మడికి పద" అంది.

గున్నమ్మ డబ్బా ముందు చతికిలబడింది. వంగి, కాడ మీద గోటితో సన్నగా గీసింది. లోపల పచ్చగా, తడిగా ఉంది. "సూడు. బతికే ఉన్నాది."

"ఆకేదీ?"

"పందెం ఆకుకా, పేణానికా?"

అనూరాధ తలొంచుకుని జరిగింది చెప్పింది. జగ్గమ్మ వెంటనే అందుకుంది. "అయితే మొక్కని పాడుసేసింది నీ కోడలే."

"పెంచింది నువ్వు కాదేటి?"

"ఎండుసేప నీళ్లని నాను పెంచలేదు."

శివాజీ హారన్ కొట్టాడు. "ఇద్దరూ గెలిసారు, ఇద్దరూ ఓడిపోయారు. బుట్ట ఈయేళ, మడి రేపు. ఎక్కండి."

నరసన్నపేట బజారులో మొదటి వీధంతా జగ్గమ్మ చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని, కొంగు ముఖానికి అడ్డం పెట్టుకునే నడిచింది. రెండో వీధిలో ఒకావిడ చేపను వేలితో పొడిచి, "నిన్నటివా?" అంది. జగ్గమ్మ కొంగు జారిపోయింది. "నిన్నటివా? కన్ను సూడు, నిన్నే సూస్తన్నాది. మా వదిన తెచ్చిన సరుకు." పన్నెండు గంటలకల్లా బుట్ట ఖాళీ. తిరిగి ఇమ్మంటే, "రేపు కూడా వస్తే ఏటి?" అంది.

"రేపు మడి" అన్నాడు శివాజీ.

మర్నాడు గున్నమ్మ గట్టు మీద నిలబడి దేవుళ్లందరినీ పేరుపేరునా పిలిచింది. నాట్లకొచ్చిన ఆడవాళ్లంతా నడుములెత్తి చూస్తున్నారు. ఆవిడ ఒక కాలు బురదలో పెట్టబోతుంటే జగ్గమ్మ ఆపింది.

"నడుముకి ఆ మూట ఏటి?"

"ఉప్పు. జలగ పడితే సల్లడానికి."

"కిలో ఉప్పా? ఒసే అనూరాధా, మీ అత్త దగ్గర మూట లాక్కోయే. మొక్క అయిపోయింది, ఇప్పుడు నా మడి మీద పడ్డాది."

ఆడవాళ్లు నవ్వలేక నారు కట్టల మీదే కూలబడ్డారు. గున్నమ్మ మూట గట్టు మీదికి విసిరి, కళ్లు మూసుకుని దిగింది. నాటింది. పూటంతా కలిపి వంకరో టింకరో మూడు వరసలు నాటింది. గట్టెక్కి కాళ్లు ముందుకీ వెనక్కీ వెతుక్కుంది. ఒక్క జలగ లేదు. జగ్గమ్మ మడమ మీద మాత్రం వేలెడు జలగ నల్లగా వేలాడుతోంది.

"కదలకు వదినా" అంది గున్నమ్మ. గట్టు మీది మూట విప్పి, ముఖం పక్కకు తిప్పుకునే చిటికెడు ఉప్పు చల్లింది. జలగ రాలిపోయింది.

తర్వాత మూడో వారానికి డబ్బాలో మొక్కకు ఆవగింజంత చివురు వచ్చింది.

మైలపల్లి దానమ్మ, అరవై రెండేళ్లు. ఇప్పుడు ఉంటున్నది విజయనగరంలో, చిన్నకూతురి ఇంట్లో.