పెయింటరు – ఊపిరి

ఆరో గీత తుడిచేసరికి ఏడున్నర అయింది. తడి మీద సుద్ద రాయదు, బోర్డు ఆరేదాకా ఆగాలి. ఆమె తడిగుడ్డను మేకుకు తగిలించి చీపురు అందుకుంది.

బోర్డు ప్రార్థన హాలులో, తలుపు పక్క గోడకు ఉంటుంది. నాలుగడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు. తెల్లరంగుతో గీసిన పన్నెండు గీతలు. ఒక్కో గీత మీద ఒక్కో రోగి. పేర్లు రాయరు. పూర్వం రాసేవాళ్ళు. ఒక పిల్ల జబ్బు సంగతి ఆ బోర్డు మీద చదివి, కుదిరిన సంబంధం వాళ్ళు వెనక్కి తగ్గారు. అప్పటి పాస్టరు గారు పేర్లు మాన్పించేశారు. పేర్లు దేవుడికి తెలుసు, మనకు మనిషి ఎవరో, బాధ ఏమిటో తెలిస్తే చాలు అన్నారు. అప్పటినుంచి పనో చుట్టరికమో రాసి, పక్కన నొప్పి రాస్తారు. పాలాయన తల్లి – మోకాలు. బస్సు డ్రైవరు – గుండె. టీచరమ్మ – కడుపు. సాయంత్రం నాలుగింటికి ఆడవాళ్ళు వచ్చి, ఒక్కో గీతా చదివి, ఒక్కో ప్రార్థన చేసి వెళతారు.

రోగి కోలుకుంటే గీత చివర 'స్తోత్రం' అని రాసి వారం ఉంచుతారు. పోతే తుడిచేస్తారు. ఆ సంఘంలో పోయినవాళ్ళ కోసం ప్రార్థన చెయ్యరు. బతికున్నంతవరకే అడగడం. తర్వాతి సంగతి ఆయన చూసుకుంటాడు. తుడవడం పొద్దున్నే, ఎవరూ రాకముందే జరగాలి. పందొమ్మిదేళ్ళుగా ఆ పని ఆమెదే. హాలు ఊడ్వడం, అరవై నాలుగు కుర్చీలు వెయ్యడం, తియ్యడం, బిందెలో నీళ్ళు మార్చడం, మరుగుదొడ్లు కడగడం కూడా ఆమె పనే.

నిన్నటిదాకా ఆరో గీత మీద 'తాపీ మేస్త్రి – రక్తం' అని ఉంది.

హాలు సగం ఊడ్చేలోపు మూడుసార్లు చీపురు ఆపి చెవి ఒగ్గింది. వెనక గదిలోంచి దగ్గు వినబడింది. దగ్గు వినబడితే ఫరవాలేదు. వినబడనప్పుడే ఇరవైరెండు అడుగులు నడిచి వెళ్ళి చూసి రావాలి.

గది హాలు వెనకే. ఒక మంచం, ఒక పొయ్యి, బట్టలకు ఒక తాడు. కిటికీ హాలు వైపు తెరుచుకుంటుంది. పైకెత్తే రెక్క. పట్టి ఊడిపోయి నాలుగేళ్ళయింది. ఎత్తి కర్ర పెడితే నిలబడుతుంది, తీస్తే పడుతుంది. ఆ కర్ర ఆమె భర్త డబ్బాల్లో రంగు కలిపిన కర్ర. కింది జానెడు మేర కర్ర కనబడదు. రంగు మీద రంగు పేరుకుని బొటనవేలంత లావైంది.

భర్త మంచం మీద మూడు దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఎనిమిది నెలలుగా అలాగే కూర్చుంటాడు. పడుకుంటే ఊపిరి అందదు. ముప్పై ఏడేళ్ళు గోడలు గీకాడు, రంగులు వేశాడు. ఆ పొడి, ఆ వాసన లోపలికి పోయి కూర్చున్నాయని డాక్టరు ఛాతీ ఫోటో చూపించి చెప్పాడు. పోయిన నెల వెళితే ఫోటో కూడా తియ్యలేదు. ఇంట్లోనే ఉంచుకోండమ్మా అన్నాడు.

"ఏమే, ఇవాళ ఎంతమంది?" అన్నాడు. మాటకూ మాటకూ మధ్య ఒక ఊపిరి తీసుకుంటాడు.

"ఏడుగురు."

"నిన్న ఎనిమిదన్నావ్."

"ఒకటి తుడిచాను."

"మేస్త్రేనా?"

"ఊఁ."

"వాడు గోడ కడితే నూలు పట్టి చూడక్కర్లేదు," అన్నాడు. కాసేపు కిటికీ వైపు చూశాడు. "మీ వాళ్ళు ఎన్నాళ్ళు అడిగారు వాడికోసం?"

"నలభై రోజులు."

"మొహమాటానికైనా ఒకరోజు ఎక్కువ ఇవ్వలేదు చూడు మీ దేవుడు."

ఆమె దిండు సర్ది, మూతి తుడిచింది. ఇలాంటి మాటలకు పెళ్ళయిన కొత్తలో ఏడ్చేది. తర్వాత పోట్లాడేది. ఇప్పుడు దిండు సర్దుతుంది.

ఆయన హాలులో కూర్చుని ప్రార్థన చేసిన రోజు ఒక్కటీ లేదు. హాలు గోడలకు మూడుసార్లు రంగు వేశాడు, ఆ బోర్డుకు నల్లరంగు రెండు కోట్లు వేసి పన్నెండు గీతలూ ఆయనే గీశాడు, కూటం మొదలయ్యే వేళకు నిచ్చెన భుజాన వేసుకుని వెళ్ళిపోయేవాడు. అడుక్కోవడం నాకు చేతకాదు అనేవాడు. పని కోసం కూడా ఎవరి గుమ్మమూ ఎక్కలేదు. కావలసినవాళ్ళే వచ్చేవాళ్ళు. జబ్బు చేశాక పాస్టరు గారు రెండుసార్లు వచ్చి, బోర్డు మీద రాయిద్దామా అంటే, ఆ బోర్డు నేను వేసింది, దాని మీదకు నేను ఎక్కనండీ అన్నాడు.

కనుక ఆమె ఒక్కతే అడుగుతూ వచ్చింది. మొదటి నెలలో, లేచి నడవనీ ప్రభువా అని అడిగింది. మూడో నెలలో, వెల్లకిలా పడుకోనీ అంది. ఆ తర్వాత, ఒక్క గంట కునుకు పట్టనీ అంది. ఈ వారం, ఈ పూటకు నాలుగు చెంచాల పాలు లోపలికి దిగనీ అంటోంది. మొన్న ఆదివారం పాస్టరు గారు ప్రార్థన ఎందుకు అనే విషయం మీద మాట్లాడారు. ప్రార్థన దేవుణ్ణి మార్చదు, చేసేవాణ్ణి మారుస్తుంది అన్నారు. ఆమె చివరి వరసలో నిలబడి విన్నది. తను మారవలసిన పని ఏముందో తోచలేదు. మారవలసింది ఊపిరితిత్తులు.

పది గంటలకు పాస్టరు గారు సైకిలు మీద వచ్చారు. కుర్రాయన, వచ్చి రెండేళ్ళయింది.

"ఎలా ఉన్నారమ్మా?"

"అలాగే ఉన్నారండీ."

"నేను ప్రార్థన చేస్తున్నాను."

"అవునండీ."

ఆయన సైకిలు బెల్లు మీద వేలు పెట్టారు కానీ మోగించలేదు. మేస్త్రి ఇంటికి వెళ్ళాలన్నారు, వెళ్ళారు.

మధ్యాహ్నం పాలు రెండు చెంచాలు దిగాయి. మూడోది పక్కకు కారింది. ఆమె తువ్వాలుతో తుడుస్తుంటే ఆయన ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"ఆరో గీత ఖాళీయేగా," అన్నాడు.

"ఖాళీయే."

"రాయి."

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. "ఎవర్ని?"

"మీ పాస్టర్ని." ఊపిరి తీసుకున్నాడు. "నన్నే. పెయింటరు అని రాయి. పక్కన ఊపిరి అని రాయి."

"మీకు నమ్మకం లేదుగా."

"నీకుందిగా. రోజూ నువ్వొక్కదానివే ఆ మూల కూర్చుని గొణుక్కుంటావు. చూడలేక చస్తున్నా." చాలాసేపు ఆగాడు. "నలుగురు కలిసి అంటే ఎలా ఉంటుందో వినాలనుంది."

"వినిపిస్తుందా ఇక్కడికి?"

"మైకమ్మ వస్తుందా ఇవాళ?"

మైకమ్మ అంటే కొట్టాయన అత్తగారు. చెవులు వినబడవు, అందుకని అందరికీ చెవులు వినబడవనుకుని మాట్లాడుతుంది.

"వస్తుంది."

"ఆవిడ చేత చదివించు. కిటికీ తీసి ఉంచు."

రెండు గంటలకు ఆమె హాలులోకి వెళ్ళి సుద్ద తీసుకుంది. పందొమ్మిదేళ్ళలో ఆ బోర్డు మీద ఎందరినో రాసింది. రాసేటప్పుడు ఎప్పుడూ చెయ్యి ఆగలేదు. ఇప్పుడు 'పె' దగ్గర సుద్ద విరిగింది. చిన్న ముక్కతో పూర్తి చేసింది. పెయింటరు – ఊపిరి.

తిరిగొచ్చాక ఆయన అడిగాడు. "గీత మీదే రాశావా? వంకర పోలేదుగా?"

"గీత మీదే రాశాను."

"నూలు పట్టి గీశానవి," అన్నాడు. కళ్ళు మూసుకున్నాడు.

ఆమె కిటికీ రెక్క ఎత్తి కర్ర పెట్టింది. మంచం పక్క కింద కూర్చుంది. తాడు మీది బట్టలు తీసి మడిచింది. గోడ గడియారం మూడు కొట్టింది. ఆయన ఊపిరి చప్పుడు మారింది. మధ్యలో ఖాళీ పెరిగింది. ఆమె మడత ఆపి లెక్కపెట్టింది. ఏడు అంకెల ఖాళీ, తర్వాత ఒక ఊపిరి. తర్వాత తొమ్మిది.

లేచి వెనక నుంచి పట్టుకుని ఎత్తి కూర్చోబెట్టింది. వీపు రాసింది. అది తప్ప చెయ్యగలిగింది ఏమీ లేదని ఆమెకు తెలుసు, డాక్టరు చెప్పాడు, నర్సమ్మ కూడా చెప్పింది. అయినా రాసింది. గడియారం వైపు చూసింది. మూడూ పది.

"నాలుగింటిదాకా," అంది. పైకే అంది. "ప్రభువా, నాలుగింటిదాకా. అంతే. ఇంకేమీ అడగను."

పన్నెండు అంకెల ఖాళీ. ఒక ఊపిరి. ఆయన కళ్ళు తెరవలేదు. ఆమె చెయ్యి వీపు మీద పైకీ కిందకీ పోతూనే ఉంది. ముప్పై దాకా లెక్కపెట్టింది. అరవై దాకా లెక్కపెట్టింది. తర్వాత అంకెలు తప్పాయి, మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టింది.

మూడూ ఇరవై అయింది.

ఆమె ఆయనను దిండ్లకు ఆనించింది. కాసేపయ్యాక దిండ్లు ఒక్కొక్కటే తీసేసింది. ఎనిమిది నెలల తర్వాత ఆయన వెల్లకిలా పడుకున్నాడు. నోటి పక్కన ఆరిన పాలచార ఉంటే తువ్వాలు తడిపి తుడిచింది. దుప్పటి ఛాతీ దాకా లాగింది.

మూడూ నలభై అయిదుకు గేటు దగ్గర చెప్పుల చప్పుడు వినబడింది. ఆమె లేచి, మొహం కడుక్కుని, ఇరవైరెండు అడుగులు నడిచి హాలులోకి వెళ్ళింది.

ఎవరూ లోపలికి రాలేదింకా. మేకు మీది గుడ్డ తీసి బిందె నీళ్ళలో ముంచింది. పిండింది. బోర్డు ముందు నిలబడింది. ఆరో గీత మీద అక్షరాలు రెండు గంటల నాటివి. ఒక్కసారి తుడిస్తే పోతాయి. ఎలా తుడిస్తే మరక కూడా మిగలదో ఈ సంఘంలో ఆమెకంటే తెలిసినవాళ్ళు లేరు.

గుడ్డను తిరిగి మేకుకు తగిలించి, కుర్చీలు అయిదు గుండ్రంగా వేసింది.

దర్జీ వచ్చింది, నర్సమ్మ వచ్చింది, మైకమ్మను మనవరాలు చెయ్యి పట్టుకుని తెచ్చి కూర్చోబెట్టింది. ఎప్పుడూ చదివేది దర్జీ. ఆమె ఇవాళ దర్జీని కాదని మైకమ్మ చెవి దగ్గరకు వంగింది.

"పెద్దమ్మా, ఇవాళ మీరు చదవండి."

"నేనా?" అంది మైకమ్మ, వీధి దాకా వినబడేలా. "ఎప్పుడూ నన్ను చదవనివ్వరుగా, పక్క వీధిలో కుక్కలు లేస్తాయని!"

దర్జీ నవ్వింది. నర్సమ్మ నవ్వలేదు, ఆమె మొహం వైపు చూస్తోంది.

మైకమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని మొదటి గీత నుంచి అందుకుంది. మోకాలు, గుండె, కడుపు. ఒక్కోదానికీ చిన్న ప్రార్థన. అందరూ ఆమెన్ అన్నారు. ఆమె కూడా అంది. ఆరోదానికి వచ్చేసరికి మైకమ్మ బోర్డు వైపు వంగి చూసింది.

"పెయింటరు! ఊపిరి!"

దర్జీ కళ్ళు తెరిచింది. "ఒప్పుకున్నాడా?" అని గుసగుసగా అడిగింది. ఆమె తల ఊపింది.

"ప్రభువా," అంది మైకమ్మ. "ఈ పెయింటరు మా ఇంటి గోడలకు రంగు వేశాడు. ఎనిమిదేళ్ళయింది, ఒక్క పెచ్చు ఊడలేదు. మనిషి నోరు మంచిది కాదు గానీ చెయ్యి మంచిది. నీకు తెలియనిదేముంది. వాడికి ఊపిరి ఇయ్యి తండ్రీ. బోలెడు గాలి పెట్టావు లోకంలో, వాడికి కాస్త అందనియ్యి. రాత్రిళ్ళు పడుకోనియ్యి. లేచి నాలుగడుగులు వెయ్యనియ్యి. ఈ పిల్ల ఒక్కతే చాకిరీ చేస్తోంది, దీని మొహం చూడు. అడుగుతున్నాం నాయనా."

ఆమె కళ్ళు మూసుకుని ఉంది. తను కూడా ఏదో అడగాలి. అడగడానికి ఏమీ దొరకలేదు. "ప్రభువా" అనుకుంది, అక్కడ ఆగింది. మైకమ్మ గొంతు కిటికీలు దాటి వెనక వైపు వెళుతోంది. ఎంత దూరం వెళుతుందో ఆమెకు అడుగుల్లో తెలుసు.

"ఆమెన్," అన్నారందరూ.

చివరి గీత దాకా అయ్యాక నర్సమ్మ లేచి వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. "ఇప్పుడెలా ఉన్నాడు? నేనొకసారి చూడనా?"

"మూడూ ఇరవైకి పోయారక్కా."

దర్జీ సంచి సర్దుకుంటున్నదల్లా ఆగిపోయింది. "మరి మనం... ఇందాక..." అంది. బోర్డు వైపు చూసి నోరు మూసుకుంది.

"ముందే ఎందుకు చెప్పలేదే?" అంది నర్సమ్మ.

"వింటానన్నారు."

"ఏమంటోంది?" అని మైకమ్మ అడిగింది. మనవరాలు ఆమె చెవిలో చెప్పింది. మైకమ్మ కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది. మొదటిసారి ఎవరికీ వినబడకుండా ఏదో అంది.

అయిదు గంటలకల్లా మనుషులు చేరారు. పాస్టరు గారు సైకిలు గోడకు ఆనించి వచ్చి ఆమె పక్కన నిలబడ్డారు. తర్వాత కుర్చీలు మోశారు. అంతా నియమం ప్రకారం, వెలుతురు ఉండగానే చేశారు. పెయింటర్ని సమాధి చేసి వచ్చాక నర్సమ్మ ఆమెను తనింటికి రమ్మంది. ఈ ఒక్క రాత్రికైనా రమ్మంది. ఆమె తాళం వెయ్యడానికి హాలుకు వెళ్ళింది. బోర్డు మీద రాసిన ఎనిమిది గీతలూ అలాగే ఉన్నాయి. పాస్టరు గారు గుమ్మంలో నిలబడి చూసి, సైకిలు తీసుకున్నారు. తుడిచేది పొద్దున్నే కదా. తాళం వేసి ఆమె నర్సమ్మ వెంట నడిచింది.

గదిలో మంచం ఖాళీగా ఉంది, మూడు దిండ్లూ ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. కిటికీ రెక్క కింద, కింది జానెడు రంగు పేరుకున్న ఆ కర్ర అలాగే నిలబడి ఉంది.