గాలి ఆపి నేర్చుకున్న పాట

పక్షవాతంతో ఏసేపు కుడిచెయ్యి పడిపోతే ఊరంతా ఆయన కోసం బాధపడింది. ఆయన మాత్రం పాట కోసం బాధపడ్డాడు. వేంపల్లె దగ్గర తమ చిన్న చర్చిలో కానుకల సంచి తిరిగినంతసేపూ హార్మోనియం మీద వాయించడానికి నలభై ఏళ్ల కిందట ఆయనే కట్టిన బాణీ అది. మాటల్లేవు, నాలుగే వరసలు. వారంవారం వినేదే కదా అని ఎవరూ ఫోన్లో కూడా రికార్డు చేసుకోలేదు. ఇప్పుడేమో ఆయనకే మతిమరుపు మొదలైంది.

నేర్చుకుంటానని ఆ చర్చిలోనే పెరిగిన ప్రేమజ్యోతి వచ్చింది. చీనీతోటల్లో కాయలు కోసే కూలికి పోయే మనిషి, చిన్నచిన్న కీర్తనలు వాయించగలదు. సాయంత్రాలు చర్చిలోనే ఏసేపు ఎడమచేత్తో హార్మోనియం మెట్లు చూపించేవాడు. ఆమె మొదటి నుంచి ఎత్తుకునేది, మూడో వరసలో బోల్తాపడేది, నాలిక కరుచుకుని మళ్లీ మొదటికొచ్చేది. నెల తిరిగేసరికి మొదటి రెండు వరసలు నిద్రలో లేపి అడిగినా వాయిస్తుంది. చివరి రెండింటికీ ఆమెకూ ముఖపరిచయమే లేదు. మనమంతా చేసే నిర్వాకమే లెండి.

"కడాన ఉండే వరస ముందు నేర్చుకోమ్మా. అది వచ్చినాక దాని ముందుది," అన్నాడు ఏసేపు.

ముసలాయన తికమకపడుతున్నాడనుకుంది. అయినా మాట తీసెయ్యలేక నాలుగోది పట్టింది, తర్వాత మూడోది. నాలుగు రోజులకు ఆశ్చర్యపోయింది. ముందుకు పోయేకొద్దీ బాగా వచ్చిన వరసే ఎదురొస్తోంది, భయం తగ్గుతోంది, తెలిసిన ఇంటికి నడుస్తున్నట్టుంది.

ఇంకో సాయంత్రం ఆయన, "గాలి కొట్టొద్దు. ఉత్త మెట్లు నొక్కు," అన్నాడు.

"సద్దు రాకుంటే తప్పెట్ల తెలుస్తాది తాతా?"

"చిన్నప్పట్నుంచి వింటాండావు గదా. నొక్కి చూడు."

నొక్కింది. చర్చిలో చెక్కల టకటక తప్ప ఏమీ లేదు. మూడో వరస మధ్యలో ఆమె చెయ్యి ఆగిపోయింది. అపస్వరం వినబడింది. పెట్టె పలకనే లేదు, అయినా చెవుల్లో స్పష్టంగా వినబడింది. ఇన్నాళ్లూ ఈ పాట తన లోపలే ఉందా అనుకుంటూ ఆ వరస మళ్లీ మొదట్నుంచి నొక్కింది. ఆపైన పది రోజులు అట్లాగే, గాలి లేకుండానే సాధన చేసింది.

ఆదివారం కానుకల వేళ నాలుగు వరసలూ ఆగకుండా వాయించింది. ఆరాధన కాగానే ముందు బల్ల మీద కూర్చున్న ఏసేపు దగ్గరికి పోయింది.

"యాడన్నా తప్పినానా తాతా?"

ఆయన ఎడమచేత్తో ఆమె వేళ్లు తట్టాడు.

"నాకు తెలీదమ్మా. మూడో వరస నేను మర్చిపోయి పది దినాల పైనాయ. అందుకే నిన్ను గాలి ఆపమన్యా, నీ చెవే దిద్దుతాదని. ఇంగ నువ్వు వాయించిందే పాట."