స్పీకరు ఫోనులో బాయిలరు పరీక్ష

దక్షిణాఫ్రికాలో అన్ని రంగులవాళ్ళూ ఓటేసిన ఎన్నికలై మూడేళ్ళు. ఒంటి రంగు చూసి ఉద్యోగమిచ్చే రోజులు పోయి, కాయితం చూసి ఇచ్చే రోజులొచ్చాయి. చెరకు మిల్లుల్లో బాయిలరు కాసేవాళ్ళకు ఆ కాయితం ఇచ్చే పని ఆంజనేయులిది. గుంటూరు నుంచి డర్బన్ వచ్చి అప్పటికి ఏడాదే.

డర్బన్ శివారు అవోకాలోని క్లాసుగదిలో పదకొండు మంది ఎదురుగా కూర్చున్నారు. పన్నెండోవాడు అప్పలస్వామి మాత్రం నూట ఇరవై కిలోమీటర్ల అవతల, పోర్ట్ షెప్‌స్టోన్ దగ్గరి మిల్లులో, బాయిలరు పక్కనున్న ఫోను దగ్గర. ఒక్కడి కోసం మనిషిని పంపడం దండగట! ఏ మహానుభావుడి బుర్రకు తట్టిందో, టేబులు మీద స్పీకరు ఫోను పెట్టి చెప్పెయ్యమన్నారు.

పొద్దుట్నుంచీ ఆంజనేయులు బోర్డు మీద గీసి "ఇది చూడండి, ఇలా" అంటూనే ఉన్నాడు. ఫోనుకు కళ్ళుంటాయా, నా తలకాయ! అయినా అట్నుంచి ప్రతిసారీ "ఔను బాబూ, తెలిసినాది" అనే. చెరకు కూలీలుగా వచ్చిన తాతల నాటి ఆ తెలుగు వినగానే అతనికి ప్రాణం లేచొచ్చింది. ఏం తెలిసిందని మాత్రం అడగలేదు. అడగాల్సింది.

మధ్యాహ్నం పరీక్ష. బాయిలర్లో నీళ్ళెంతున్నాయో చూపే గాజు గొట్టానికి మూడు కుళాయిలుంటాయి. వాటిని వరస ప్రకారం తిప్పి గొట్టం శుభ్రం చెయ్యాలి. వరస తప్పితే నీళ్ళు లేకపోయినా ఉన్నట్టే కనిపించి, బాయిలరు పేలిపోవచ్చు. గదిలో పదకొండు మందీ నమూనా గొట్టం మీద చేసి చూపించారు, పాసయ్యారు.

"బాబాయ్, మీ వంతు. ఏది ముందు తిప్పుతారో చెప్పండి."

ఫోనులో, కుళాయి తిప్పినట్టు, ఇనుము కిర్రుమంది.

"నోటితో చెప్పాలి బాబాయ్. ఇంగ్లీషులోనైనా సరే."

"నోటితో ఎప్పుడు సేసినాను బాబూ? ముప్పై రెండేళ్ళు సేత్తోనే సేసినాను. సూడు, ఇటు తిప్పినా. మల్లీ ఇది."

గదిలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆంజనేయులికి ఒళ్ళు మండింది.

"పక్కన ఎవరైనా ఉన్నారా?"

"మా తోటి పనోడు లెస్లీ లంచ్‌కి పోనాడు."

ఫారంలో 'కళ్ళారా చూశాను' అన్న చోట సంతకం పెట్టాలి. నాలుగింటికల్లా ఫాక్సు వెళ్ళాలి. ఫెయిలంటే సోమవారం నుంచి ముసలాయన చేతికి చీపురే. పాసంటే, రేపు ఏదైనా అయితే? ఆ చేతులకు పని వచ్చని ఆంజనేయులికి గట్టి నమ్మకం. కానీ చూడలేదు. భయమేసింది, తన మీద తనకే అసహ్యమేసింది. ఫెయిల్ అని రాశాడు.

కిర్రుమనడం ఆగింది. ఫోనులో ఆయాసం వినిపించింది.

"అయిపోనాది బాబూ. అగుపడినాదా? బాగుందా?"

పదకొండు మందీ అతని వైపే చూస్తున్నారు.

"అగుపడింది బాబాయ్," అన్నాడు ఆంజనేయులు. "బాగా చేశారు."