కాశయ్య రంగంలో నేర్చుకున్న పని

నా మొగుడు రంగం నుంచి వస్తున్నాడని కబురు తెలిసిన రోజు నేను చేసిన మొదటి పని, గుప్పెడు బూడిద తెచ్చి సారె మీద చల్లడం. కుండలు చేసే చక్రం రెండేళ్లు ఎవరూ ముట్టకుండా ఉంటే ఎలా ఉంటుందో అలా కనిపించాలి కదా! చుట్టూ దుమ్ము పట్టించాను, పైన పాత చాప కప్పాను. ఒక సాలెగూడు కూడా ఉంటే బాగుండేది గానీ, సాలెపురుగును పిలిచి అల్లిపెట్టు తల్లీ అని బతిమాలలేను కదా.

ఎందుకంటారా? ఆ రెండేళ్లూ ఆ సారె ముందు కూర్చుని కుండలు చేసింది నేనే. మా కులంలో ఆడది మన్ను తొక్కవచ్చు, నీళ్లు మోయవచ్చు, మొగుడు చేసిన పచ్చికుండను చెక్కతో కొట్టి దాని కడుపు సాగదీయవచ్చు. కుండలు కాల్చే ఆవానికి కట్టెలు మోయవచ్చు. కాలిన కుండలు నెత్తిన పెట్టుకుని బాసగూడ సంతకు నడవవచ్చు. సారె మాత్రం ముట్టకూడదు. ముట్టిందని తెలిస్తే ఆ ఇంటి కుండలు శుభకార్యాలకు ఎవరూ తీసుకోరు, మొగుడు ఆమెను పుట్టింటికి తరిమేసినా అడిగేవాడుండడు. అప్పట్లో జగదల్‌పూర్‌లో గద్దె మీద ఉన్నది రాణిగారే. ఆడది బస్తర్ రాజ్యం ఏలవచ్చు, ఒక చెక్కచక్రం ముట్టకూడదు! ఈ తీర్పు చెప్పిన మహానుభావుడు ఎక్కడైనా దొరికితే నాలుగు కడిగేద్దామని నాకిప్పటికీ ఉంది.

అసలు మా కాశయ్య అంత దూరం ఎందుకు వెళ్లాడో చెప్పాలి. చర్ల వర్తకుడొకడు సంతకు ఒక జాడీ తెచ్చాడు. తేనెరంగు, నున్నటి మెరుపు, నెల రోజులు నూనె పోసి ఉంచినా చుక్క బయటికి ఊరదట. సముద్రం అవతల రంగంలో చేస్తారన్నాడు. రంగూన్‌ను మావాళ్లు రంగం అనే అంటారు. మా ఆయన ఆ జాడీని చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని సంత ముగిసేదాకా వదల్లేదు. వర్తకుడు విసుక్కుని లాక్కోవలసి వచ్చింది. ఆ పూట ఇంటికొచ్చి అన్నం కూడా ముట్టలేదు.

"మనం చేసేది గూడ మన్నే కదనే సోమీ. ఆ మెరుపు మన చేతికి ఎందుకు రాదు?" అన్నాడు.

"రాకపోతే ఏమాయె? కుండ మెరవకపోతే అండ్ల గంజి కడుపులకు దిగదా?" అన్నాను నేను.

నా మాట ఎప్పుడు విన్నాడు గనక! నూర్పిళ్లు కాగానే మూట కట్టాడు. చర్ల మీదుగా దుమ్ముగూడెం దాకా నడక, గోదావరి మీద పడవలో రాజమండ్రి, ఆపైన కాకినాడ, అక్కడ పొగ ఓడ. ఆరు నెలల్లో వచ్చేస్తానని నా నెత్తిన చెయ్యి పెట్టి చెప్పాడు. పిల్లాజెల్లా లేని ఇంట్లో నేనూ నా నోరూ మిగిలాం.

ఆరు నెలలన్నది రెండేళ్లు దాటింది. మనిషి రాలేదు. ఇంట్లో చేసి పెట్టిన కుండలన్నీ మొదటి రెండు మూడు నెలల్లోనే అయిపోయాయి. దోర్ల తెగకు చెందిన పక్కింటి పొజ్జే నీళ్లకుండ పగిలిందని రెండుసార్లు వచ్చి ఉత్త చేతులతో తిరిగి వెళ్లింది. మూడోసారి వచ్చి వెళ్లాక, మిట్టమధ్యాహ్నం తలుపు గడియ పెట్టుకుని సారె ముందు కూర్చున్నాను. కర్ర పెట్టి తిప్పాను. మొదటి ముద్ద ఎగిరి గోడకు కొట్టుకుంది. నెల రోజులు అదే వరస, గోడ నిండా మన్నే. తర్వాత ఒకరోజు మన్ను నా వేళ్ల మధ్య నిలబడింది, మెల్లగా పైకి లేచింది. నాకు ఏడుపొచ్చింది. నిజం చెబుతున్నాను, పెళ్లినాడు కూడా నేనంత సంతోషపడలేదు.

కుండలెక్కడివని అడిగినవాళ్లకు, చర్ల దగ్గర మా తమ్ముడు వెంకన్న బండి మీద పంపిస్తున్నాడని చెప్పాను. మధ్యాహ్నం తలుపులెందుకు మూస్తావంటే తలనొప్పి అన్నాను. పాపం, పొజ్జే నమ్మేసి అడవి నుంచి ఏవో ఆకులు తెచ్చి నూరి నా నుదుటికి పట్టించేది. ఆ పసరు కంపుకు లేని తలనొప్పి కాస్తా నిజంగానే వచ్చేది.

అలాంటి రోజుల్లో దిగాడు మా ఆయన. సగానికి సగం చిక్కిపోయాడు. చూడగానే తిడదామని రెండేళ్లుగా దాచుకున్న మాటలన్నీ ఎటు పోయాయో పోయాయి. "ఒచ్చినవా?" అని మాత్రం అడిగి, కాళ్లకు నీళ్లిచ్చాను.

ఊరంతా వాకిట్లో పోగైంది. మా ఆయన పెదనాన్న రామనర్సయ్య ఉసూర్ నుంచి దిగాడు. ఈ చుట్టుపక్కల కుమ్మరోళ్లందరికీ ఆయనే కులపెద్ద. మంచం మధ్యలో కూర్చుని మీసం దువ్వుతూ అడిగాడు.

"ఏందిరా కాశిగా, నీ పనితనం చూసి ఆ దేశపోళ్లు ఏమన్నరు?"

"మంచిగనే అన్నరు పెదనాయినా," అన్నాడు కాశయ్య నేల చూపులు చూస్తూ.

"మరి ఆ మెరుపేదిరా?"

"అదో రాయి. నూరి గంజిల కలిపి పూస్తరు. మన కొండలల్ల దొరకదు."

అంతే, లేచి పెరట్లోకి పోయాడు. అయినా రామనర్సయ్య ఊరుకుంటాడా! మావాడు రంగంలో ఉస్తాద్ అయ్యాడు, బర్మావాళ్లకే కుండలు నేర్పి వచ్చాడు అని సంతలో ఒక్కరినీ వదలకుండా చెప్పుకున్నాడు. మా ఆయన కాదనలేదు, ఔననలేదు.

ఆ వారమే వాగు అవతలి రైతుల ఇంటి సమ్మక్క వచ్చింది. ఆమె బిడ్డ పెళ్లి పన్నెండు రోజుల్లో ఉంది.

"ఐరేని కుండలు మీ ఇంటియే కావాలె చెల్లె," అంది.

ఐరేని కుండలంటే పెళ్లికుండలు. డప్పులతో కుమ్మరింటికి వచ్చి మొక్కి తీసుకుపోయే కుండలు. వాటిలో ఒక్కటి వంకర పోయినా, ఒక్కటి చిట్లినా ఆ కుమ్మరి ఇక తలెత్తుకు తిరగలేడు.

మర్నాడు కాశయ్య సారె ముందు కూర్చున్నాడు. మొదటి కుండ మెడ దగ్గరికి వచ్చి కూలిపోయింది. రెండోది నడుము దగ్గరే కూలింది. మూడోది అసలు లేవలేదు.

"మన్ను మంచిగ లేదే," అన్నాడు.

నేను తొక్కిన మన్నునే అంటాడా! నాకు ఒళ్లు మండిపోయింది. ఇంకొకప్పుడైతే ఊరు వినేలా సమాధానం చెప్పేదాన్ని. కానీ ఆయన వేళ్ల వంక చూశాను. ఎక్కడ నొక్కాలో, ఎక్కడ వదలాలో తెలియక తడుముకుంటున్నాయి. పద్నాలుగేళ్లు నా కళ్ల ముందు కుండల వరసలు లేపిన చేతులు. ఆ కోపం అక్కడికక్కడే చల్లారిపోయింది.

నాలుగు రోజులు అలాగే గడిచాయి. ఒక్క కుండ నిలవలేదు. ఆరడానికీ కాలడానికీ రోజులు కావాలి కదా, పెళ్లి తరుముకొస్తోంది. నేను కూర్చుంటే రెండు పూటల్లో అయిపోయే పని. కూర్చుంటానని నోరు తెరిస్తే నా కాపురం ఉంటుందో ఊడుతుందో తెలియదు. ఆయన పరువు పోవడం చూడాలా, నన్ను నేనే పట్టిచ్చుకోవాలా?

అయిదో రోజు మధ్యాహ్నం ఆయన గోడకు ఆనుకుని కునుకు తీస్తున్నాడు. కుడికాలు మాత్రం ఊరుకోవడం లేదు. ఒక వరసలో ముందుకు తన్నుతోంది, ఆగుతోంది, మళ్లీ తన్నుతోంది. భయమేసి తట్టి లేపాను.

"ఆ కాలేందయ్యా, ఉత్తగ అట్ల తన్నుతున్నవ్? ఏమైంది నీకు?"

కాలు చటుక్కున ముడుచుకున్నాడు. తర్వాత మోకాళ్ల మీద తల పెట్టుకుని, నా వంక చూడకుండా చెప్పాడు.

రంగం నుంచి కాలువలో పడవ మీద పోతే త్వాంటే అనే ఊరట. అక్కడ ఇంటింటా కుండలే. ఈయన వెళ్లేసరికి మా సెయిన్ అనే ఒకామె, అక్కడ ఆడవాళ్ల పేర్ల ముందు 'మా' అని చేరుస్తారట, సారె ముందు కూర్చుని జాడీలు చేస్తోంది. ఈయనకు గుండె తరుక్కుపోయింది. అయ్యో, మొగుడు చనిపోయి దిక్కులేక ఈ పనికి దిగిందనుకున్నాడు. "లే తల్లీ, నేనున్న, నువ్వు లే," అని చెయ్యి పట్టుకుని పక్కకు లేపబోయాడట! పాకలో ఉన్నవాళ్లంతా పడీపడీ నవ్వారు. అందరికంటే ఎక్కువ నవ్వింది ఆమె మొగుడు. అతను అక్కడే, ఆమె కాళ్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. ఆ ఊళ్లో సారె ముందు కూర్చునేది ఆడవాళ్లు. పక్కన ఒకరు కూర్చుని కాలితో చక్రాన్ని తన్ని తిప్పుతారు. మా సెయిన్ ఈయన్ని కిందికీ పైకీ చూసి, మొగుణ్ని లేపి, ఆ చోటు ఈయనకు చూపించింది.

"రెండేండ్లు తిప్పిననే," అన్నాడు. "రేపు కూసోనిస్తది, మాపు కూసోనిస్తదని చూసిన. మన్ను ముట్టనియ్యలే. చెయ్యి మర్చిపోయిందే సోమీ. ఉస్తాద్ లేదు, ఏం లేదు. ఒక ఆడదాని సారె తన్ని ఒచ్చిన."

ఆయన భుజాలు కదులుతున్నాయి. ఇక నా వల్ల కాలేదు.

"నేను చేసిన," అన్నాను. "నువ్వు లేని రెండేండ్లు సారె మీద నేనే చేసిన. మా తమ్ముడు ఒక్క మూకుడు గూడ పంపలే. ఇప్పుడు నన్ను ఎల్లగొడతవో, ఏం చేస్తవో చెయ్యి."

"ఎరుకే," అన్నాడు.

నేను సారె వంక చూశాను.

"దుమ్ము అంత తెల్లగ ఉంటదానే? బూడిద చల్లినవని ఒచ్చిన దినమే చూసిన. అడిగితే నా ముచ్చట గూడ చెప్పాల్సొస్తదని ఊకున్న."

అప్పుడు నా చేయి తీసుకున్నాడు. వేలు వేలునూ తిప్పి చూశాడు, అరచేతిలో కాయలు తడిమాడు. "పద్నాలుగేండ్లు నా పక్కపొంటే ఉన్నయి కదనే ఈ చేతులు," అన్నాడు. "ఆమె జాడీ లేపినప్పుడల్లా ఇవే యాదికొచ్చినయి. ఒక్కనాడన్న నువ్వు చేస్తవా అని అడగకపోతి."

"అడగకపోతివి! పద్నాలుగేండ్లకు అడగనీకె సముద్రం దాటాల్సొచ్చిందా నీకు?" అని ఆయన భుజం మీద దబదబా కొట్టాను. కొడుతూనే ఏడ్చాను. ఆయన కొట్టించుకున్నాడు. తర్వాత లేచి కర్ర అందుకుని, "కూసో," అన్నాడు.

ఆయన తిప్పాడు, నేను చేశాను. రెండేళ్లూ ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో మన్ను అని అవస్థపడ్డదాన్ని, మొదటిసారి రెండు చేతులూ మన్ను మీదే పెట్టాను. ఎప్పుడు వేగం పెంచాలో, ఎప్పుడు తగ్గించాలో నేను అడగకుండానే ఆయనకు తెలిసిపోయేది. సందేళకు పెళ్లికి కావలసిన కుండల్లో సగం వరసగా నిలబడ్డాయి. ఒక్కటీ వంకర లేదు.

బయట మాత్రం నోరు మెదపవద్దని ఆయన చేత ఒట్టు వేయించుకున్నాను. కుండలు నీవే, నువ్వే చేశావు, అంతే అన్నాను. సరేనన్నాడు.

పెళ్లికి ముందురోజు పొద్దున్నే డప్పులతో వచ్చారు. సున్నమూ ఎర్రజాజూ పూసిన కుండలు వాకిట్లో బారుగా పెట్టాం. సమ్మక్క సారెకు పసుపు పెట్టి మొక్కింది. రామనర్సయ్య పెద్దమనిషిగా పక్కనే నిలబడ్డాడు. కుండలు చేసినవాడే మొదటి కుండ ఎత్తి పెళ్లికూతురి తల్లి నెత్తిన పెట్టాలి. అది మా ఆనవాయితీ. కాశయ్య వంగాడు. కుండ మీద చేయి వేశాడు. వేసి, తీసేశాడు. వెనక్కి జరిగాడు.

"సోమీ, నువ్వెత్తు."

డప్పు ఆగిపోయింది. ఒట్టు మాట ఏమైందయ్యా అని కళ్లతోనే అడిగాను. ఆయన చూపు తిప్పుకోలేదు.

"ఏందిరా అది?" అన్నాడు రామనర్సయ్య.

"చేసినామె ఎత్తాలె కద పెదనాయినా. ఇవి సోమి చేసింది. నేను లేనప్పుడు మీరందరు కొన్నయి గూడ ఆమె చేసినయే."

"ఆడది సారె ముట్టిన కుండలు పెళ్లికా? ఛీ! ఆపుండ్రి డప్పులు!" అప్పటికే ఆగిన డప్పుల మీద అరిచాడాయన. "సమ్మక్కా, ఇవి ముట్టకు. ఉసూర్ల మా ఇంట కుండలున్నయి, జల్దీ తెప్పిస్త."

సమ్మక్క ఒక కుండ దగ్గర కూర్చుంది. దాని మెడ కింద వేలు పెట్టి చూసుకుంది.

"నాకు తెల్వకనా మామా?" అంది. "రెండేండ్లాయె ఈ కుండలల్లనే ఒండుకుంటున్న. మెడకాడ బొటనేలు నొక్కిన గుర్తు చూడు. నా ఏలు సరిగ్గ పడుతది. మగోని ఏలా ఇది? మా వాడ ఆడోళ్లందరికి ఎరుకే. తెలిసే ఈ ఇంటియి కావాలన్న." లేచి వచ్చి నా ముందు తల వంచింది. "ఎత్తు చెల్లె, పొద్దెక్కుతున్నది."

నాకు నోట మాట రాలేదు. నాకు! రామనర్సయ్య ముఖం కందగడ్డలా ఎర్రబడింది. ఆడవాళ్లతో ఏం మాట్లాడతాడు, మా ఆయన మీదికి తిరిగాడు.

"ఇవన్ని ఆమె చేస్తే మరి నువ్వేం చేసినవ్‌రా? రంగం పోయి ఉస్తాద్ అయి వొచ్చినోనివి! నువ్వేం చేసినవ్?"

వచ్చిన దగ్గరి నుంచి నేల చూపులు తప్ప ఎరగని మనిషి తల పైకెత్తాడు.

"సారె తిప్పిన పెదనాయినా. ఆడ గూడ రెండేండ్లు అదే చేసిన, ఒక ఆడామెకు. మంచిగ తిప్పుత."

ఎవరో ఫక్కున నవ్వారు. కాశయ్య తల దించలేదు. నేను కుండ ఎత్తాను.