ఒక్క దుంపా వదలకుండా

ఆ అమ్మాయికి గడ్డిపిల్ల అని పేరు పెట్టింది వాళ్ల నాన్నే. ఆయన టిప్పర్ డ్రైవర్. మట్టి, కంకర, ఏది దొరికితే అది తోలతాడు. కూతురు కాలేజీలో మొక్కల చదువు చదువుతోంది. వేసవి సెలవుల్లో జీతమిచ్చి మరీ మొక్కల్ని కాపాడే పని నేర్పుతారని, దానికి కూతురు ఎంపికైందని తెలిసిన రోజు ఆయన పగలబడి నవ్వాడు.

"మీ నానమ్మ బతుకంతా కలుపు తీసింది కదే. ఆవిడకి ఎవడూ సర్టిఫికెట్ ఇవ్వలేదేం?"

"కలుపు కాదు నాన్నా, తెల్లగంట. ప్రపంచం మొత్తంలో ఆ ఒక్క గుట్ట మీదే ఉంది."

"ఒక్క గుట్ట మీదే ఉంటానంటుందా? అంత పొగరేంటే దానికి?"

పొగరే. తెల్లగంట వానల్లో పూస్తుంది. ఎండాకాలంలో నేల పైన మిగిలేది పీచులాంటి ఎండుటాకు మాత్రమే. కింద రాళ్ల సందున ఉల్లిపాయంత దుంప నిద్రపోతూ ఉంటుంది. ఎండుటాకు వెతికి, దుంపకు గాటు పడకుండా తవ్వి, నర్సరీకి చేర్చడం ఇంటర్న్‌ల పని. అక్కడ పిలకలు పెంచి, వానలు కుదిరాక తల్లీ పిల్లల్ని మళ్లీ గుట్ట మీదే నాటాలి. ఒక్కటే నియమం. ప్రతి గుంపులో కొన్నిటిని ముట్టుకోకుండా వదిలేయాలి.

ఆ నియమాన్ని ఒకరోజు పొద్దున్నే సార్ మార్చేశాడు. సార్ అంటే ఇంటర్న్‌లందరి పైన పెద్ద.

"ఈసారి ఎండలు మండిపోతున్నాయి. ఏమీ వదలొద్దు. మొత్తం తీసేయండి. నర్సరీలో చల్లగా ఉంటాయి."

సార్ అటు వెళ్లగానే, ఆమె పక్కన తవ్వే బక్కోడు గొణిగాడు. "ఇన్నేళ్లూ ఎండలు లేవా ఏంటి?"

"తవ్వడానికి బద్ధకమని చెప్పరాదూ?"

"బద్ధకమే తల్లీ. కానీ ఇంట్లో వాళ్లందర్నీ ఊరికి పంపేస్తే, ఇల్లు ఖాళీగా ఉందనుకుని ఎవడో ఒకడు దూరతాడు."

"నీ మొహం. మొక్కకి ఇల్లేంట్రా?"

ఆమె నమ్మింది. నమ్మి, తవ్వింది. అంతకుముందు నియమం ప్రకారం వదిలేసిన చోట్లకు ఒంటరిగా వెళ్లి, మోకాళ్లు చీరుకుపోయేలా పాకి, ఎండుటాకు కనిపించిన ప్రతిచోటా వెతికి తీసింది. ఎండకు ఒక్కటి చచ్చినా ఆ పాపం తనదే అనుకుంది పిచ్చిది. సార్ అందరి ముందూ ఆమె భుజం తట్టాడు. "పనంటే ఇదీ!" ఆ మాటకు ఆమె కాళ్లు నేల మీద ఆనలేదు.

తొలకరి పడింది. తిరిగి నాటడం ఎప్పుడని అడిగితే సార్ "చూద్దాం, చూద్దాం" అంటున్నాడు. ఇంతలో తనిఖీ వాళ్లు జీపు దిగారు.

అప్పుడు తెలిసింది. ఆ గుట్టను రాళ్ల క్వారీకి అడిగారు. తెల్లగంట అక్కడ మొలుస్తూ ఉంటే చట్టం ప్రకారం రాయి కదపకూడదు. ఈ ముక్క ఇంటర్న్‌లకు ఎవరు చెబుతారు? వాళ్లకి గునపం ఇస్తారు, టోపీ ఇస్తారు, అంతే.

తనిఖీ వాళ్లు నిజాయితీగానే వెతికారు. అదే ఏడుపు. బురదలో మోకాళ్ల మీద కూర్చుని, ప్రతి రాయి సందులోకి తొంగిచూశారు. పచ్చటి గడ్డి తప్ప ఏమీ లేదు.

"నర్సరీలో ఉన్నాయండీ! అన్నీ నేనే తీశాను!"

తనిఖీకి వచ్చిన పెద్దావిడ మెల్లగానే అడిగింది. "క్షేమంగా ఉన్నాయిగా, మంచిదేనమ్మా. నేను చూడాల్సింది గుట్టని. గుట్ట మీద ఉందా?"

"ఉండేదండీ..."

"ఇప్పుడు ఉందా?"

ఆమె సార్ వైపు చూసింది. సార్ పుల్లతో బూటుకంటిన బురద గీక్కుంటున్నాడు. తెలిసి చేశాడో, ఎవడో చెప్పింది చేశాడో. గుట్టకి రెండూ ఒకటే.

"లేదు" అంది గడ్డిపిల్ల.

గుట్ట చుట్టూ కంచె లేచింది. నర్సరీలో దుంపలు కుళ్లడం మొదలెట్టాయి. రాళ్ల సందున నిప్పులాంటి ఎండకు తట్టుకున్నవి, మెత్తటి మట్టిలో రోజూ పైపుతో పోసిన నీళ్లకు మెత్తబడి పోయాయి. వేలితో నొక్కితే చీము కారినట్టు కారేవి. మిగిలిన గట్టి దుంపల్ని గోనెసంచిలో వేసుకుని ఆమె, బక్కోడు కంచె దగ్గరికి పోయారు.

"ఏంటమ్మా, లోపల ఉల్లితోట వేస్తారా?" అని నవ్వాడు వాచ్‌మన్. "మిషన్లు తిరుగుతున్నాయి. పోండి, పోండి."

బక్కోడు "నేను ముందే చెప్పాను" అనలేదు. అని ఉంటే బాగుండేది. తిరిగొస్తూ దారంతా సంచి వాడే మోశాడు. ఆ దుంపలూ బతకలేదు. సార్ వచ్చే వేసవికి ఇంకో గుట్ట చూసుకున్నాడట, కొత్త పిల్లల్ని పిలుస్తున్నాడట.

గుట్ట పై మట్టి తోలే పని వాళ్ల నాన్నకే దొరికింది. చాన్నాళ్లకు చేతినిండా పని. ఒక సాయంత్రం ఈల వేసుకుంటూ వచ్చి టిప్పర్ ఇంటి ముందు ఆపాడు.

"గడ్డిపిల్లా, వెనక కాస్త ఊడ్చిపెట్టవే, నడుం పడిపోయింది."

ఆమె చీపురుతో పైకెక్కింది. మూలకు అంటుకున్న మట్టిపెళ్ల విరిగింది. అందులో దుంప. తన కంటపడకుండా మిగిలిపోయిన ఒకే ఒక్కటి. మిషన్ పన్ను దాన్ని సగానికి చీల్చింది. మిగిలిన సగానికి తెల్లటి మొలక ఉంది. ఇంకా నేల దాటని మొలక. తనిఖీ వాళ్లు బహుశా దీని మీదే మోకాళ్లూనారు.

"ఏంటే అది, ఉల్లిపాయా?"

ఆమె నాన్న మొహం చూసింది. ఆ మొహంలో అంత తేలిక ఎన్నాళ్లకో.

"ఆ, నాన్నా."

"తెగిపోయినా ఫర్లేదు, పారెయ్యకు. వంటింట్లో పడెయ్."

ఆమె కిందికి దిగింది. కడగలేదు, తుడవలేదు. తీసుకెళ్లి ఉల్లిపాయల బుట్టలో వేసి, మళ్లీ చీపురు పట్టుకుంది.